పచ్చి పత్తి అమ్మి పండగ చేయొద్దు

ఎమ్మిగనూరు, డిసెంబరు 2025

అబ్బీ,

నిన్న మీ అమ్మ కౌతాళం నుంచి ఫోన్ చేసింది. పెళ్లయినాక మొదటి క్రిస్మస్ గదా అని ఇరవై వేలు మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకున్నావంట. ఫోన్‌లో చెప్తే "సరే పెద్దనాయనా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. నోటు మీద సంతకం పెట్టకముందే చదువుకో.

మూడు రూపాయలంటే నోటికి చిన్నగానే ఉంటుంది. నెలకు 600, ఏడాదికి 7,200. వచ్చే పండగకు అసలు అట్లే కూర్చోనుంటుంది, మళ్లా బట్టలు కావాల. వడ్డీ సంగతి అట్లుంచు. అప్పిచ్చినాయన పత్తి వ్యాపారి అయితే సరుకు ఆయనకే తోలాల. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టినావో, ఆయన చెప్పిన కూలికే మొగుడూ పెళ్లాం ఇద్దరూ గుంటూరు మిరప కోతల సుగ్గికి వలస పోవాల. మన వాడలో ఇండ్లకు తాళాలు ఎట్ల పడతాయో నీకు తెలీనిది కాదు.

ఇంట్లో పత్తి ఉంది గదా, అమ్ముతా అంటావు. అమ్ము, పచ్చిది మాత్రం అమ్మొద్దు. ఈ ఏడాది (2025-26) పొడుగు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110. అది తేమ 8 శాతం లోపు ఉన్నదానికే. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయలు కోత. 12 దాటితే మద్దతు ధరకు కొనే సీసీఐ వాళ్లు తిప్పి పంపుతారు, ఇంక బయటి వ్యాపారి నోట్లో నుంచి వచ్చిందే ధర. పండగ తొందరలో మంచు తడి మీద తీసి, ఆ సాయంత్రమే సంచుల్లో తొక్కి ఆదోనికి తోలితే జరిగేది ఇదే. పత్తి మిద్దె మీద పల్చగా పరుచు. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యి, పొద్దు గుంకకముందే పట్ట కప్పు. గింజ కొరికి చూడు, టక్కుమంటే ఆరినట్టు. సీసీఐకి అమ్మను కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు పండగ అయినాకే దొరికితే అప్పుడే పో.

ఇంతకీ ఇరవై వేలు దేనికి? మీ అమ్మ పట్టీ చదివింది. కోడలికి మంచి చీర తియ్యి, దాంట్లో లోటు చేయొద్దు. నీకు పెళ్లి బట్టలున్నాయి, ఒక్కపూట కట్టి పెట్టెలో పెట్టినావు. కొత్త స్పీకర్ బాక్సు ఎందుకురా, చర్చి మైకు ఊరంతా వినపడుతుంటే? మటన్ అంగట్లో కిలోల్లెక్కన తేవద్దు. నలుగురు కలిసి పొట్టేలు తెచ్చి పోగులేసుకోండి. తలకాయ ఎవరికని కొట్లాట ఏటా ఉండేదే, అది లేకుంటే పండగ చప్పగా ఉంటుంది. చర్చి చందా ఎగ్గొట్టొద్దు. పక్కింటి ముసలామె కొడుకూ కోడలూ సుగ్గిలో ఉన్నారు, ఆమెను అన్నానికి పిలువు. ఈ రెండింటికీ లెక్క చూడొద్దు.

జనవరి వస్తే కొందరు క్రిస్మస్ చీటీ అని గిన్నెలు, బట్టలు చూపించి నెలనెలా కట్టమంటారు. వాళ్లు బోర్డు తిప్పేస్తే ఎవరి గడప తొక్కుతావు? దాని బదులు ఈ నెలలోనే బ్యాంకులో ఏడాది ఆర్డీ వేసుకో. నెలకు 500 అంటే పండగకు 6,000, పైన వడ్డీ. అంతకు మించి పెట్టుకోవద్దు, కూలి దొరకని నెలలుంటాయి. పోస్టాఫీసు ఆర్డీ నూరు రూపాయలతోనే మొదలు పెట్టొచ్చు గానీ అది అయిదేళ్లది, వచ్చే పండగకు చేతికి రాదు. కోడలిని పొదుపు సంఘంలో చేర్పించు. రేపు నిజంగా అవసరం పడితే సంఘం అప్పు మూడు రూపాయల వడ్డీ కంటే ఎంతో నయం.

24వ తేదీ సాయంత్రం బస్సుకు మేమిద్దరం వస్తాం. నిప్పట్లు, కజ్జికాయలు మీ పెద్దమ్మ చేసి తెస్తుంది, నువ్వు నూనె డబ్బా కొనొద్దు. పొట్టేలులో నా వంతు లెక్క ముందే పంపిస్తా. తలకాయ పోగు నాదని ఇప్పుడే చెప్పి పెట్టు.

మీ పెద్దనాయన