కోదాడ సర్వరుకు మిర్యాలగూడ కాపీ

మిర్యాలగూడ

అల్లుడూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్‌హ్యాండ్ ర్యాక్ సర్వరు, 8 టీబీ డిస్కులు నాలుగు, 64 జీబీ ర్యామ్, 10 గిగాబిట్ స్విచ్. ఏం కొనాలో ఉంది గానీ, ఏం దాచాలో అందులో ఎక్కడా లేదు. అందుకే మొన్న ఫోన్లో ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. సినిమాలు 5 టీబీ. ఇంటిల్లిపాది ఫొటోలు, మీ అక్క పెళ్లి వీడియోలు కలిపి 600 జీబీ. మీ నాన్న కొట్టు టాలీ డేటా 2 జీబీ కూడా లేదు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే ఖర్చు పెరిగింది. సినిమాలు పోతే మళ్లీ దొరుకుతాయి, కొంచెం ఓపిక పోతుంది అంతే. పెళ్లి వీడియో పోతే పెళ్లి మళ్లీ చేయలేం, మీ బావ ఒప్పుకోడు. టాలీ పోతే ఎవరి దగ్గర ఎంత బాకీ ఉందో మీ నాన్నకు తెలియదు, బాకీదారులకు మాత్రం సంతోషం. నీ డబ్బులో ముందుగా పోవాల్సింది ఆ రెండు జీబీలకూ, ఆ ఆరు వందలకూ. పెద్ద పెట్టె తర్వాత సంగతి.

ర్యాక్ సర్వరు మానెయ్. చవకగా వస్తుంది నిజమే, ఎందుకు చవకో మీటరు చెబుతుంది. అలాంటి పాతది పనేమీ లేకుండా కూర్చున్నా 100 వాట్లకు తగ్గదు. నెలకు 72 యూనిట్లు. మీ ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపే కాబట్టి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోంది. ఎండాకాలంలో కూలరు, ఫ్రిజ్ కలిసి 160 దాకా పోతోందని మీ అమ్మే చెప్పింది. దానికి 72 కలుపు. 200 దాటిన నెల, దాటిన ముప్పై రెండింటికే కాదు, మొత్తానికీ కట్టాలి. వెయ్యి రూపాయల పైమాటే. ఏడాదిలో మూడు నాలుగు నెలలు అలా కడితే చవకలో మిగిలింది ఏముంది? పైగా ఆ ఫ్యాన్ల మోత పక్కన మీ నాన్న మధ్యాహ్నం కునుకు తీయాలి.

ఆఫీసుల నుంచి తీసేసిన చిన్న డెస్క్‌టాప్ ఒకటి చూడు. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5, ఆపైది ఏదైనా సరే, లోపల రెండు పెద్ద డిస్కులు పట్టే సైజుది. డిస్కులతో కలిపి ఖాళీగా ఉన్నప్పుడు పాతిక వాట్ల దగ్గర ఆగితే నెలకు 18 యూనిట్లు. సినిమాలు చూపించే జెల్లీఫిన్‌లో వీడియో మార్చే పని ఆ చిప్‌లోని క్విక్ సింక్ చేసేస్తుంది. ఫొటోలు చూసుకునే ఇమిచ్‌కు 16 జీబీ ర్యామ్ చాలు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కు టీబీకి ఒక జీబీ ర్యామ్ ఉండాలన్న మాట నువ్వూ విని ఉంటావు, ఇంటి వాడకానికి దాన్ని పట్టుకోనక్కర్లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధర మండిపోతోంది, 64 ఇప్పుడు వద్దు. 10 గిగాబిట్ స్విచ్ గురించి ఏమీ రాయను, కొనకు.

డిస్కులు నాలుగు కాదు, రెండు. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉండేలా జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మిర్రర్ పెట్టు. తర్వాత చోటు చాలకపోతే ఒక్కొక్కటే తీసి పెద్దవి వేస్తే పూల్ దానంతట అదే పెరిగేలా పెట్టుకోవచ్చు. రెయిడ్‌జెడ్ కావాలంటే నాలుగూ ఒకేసారి కొనాలన్న మాటకూ ఇప్పుడు బలం లేదు. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 నుంచి ఒక్కో డిస్కు కలుపుకోవచ్చు. కొనే ముందు డిస్కు సీఎంఆరా, ట్రాకులు ఒకదానిపై ఒకటి ఎక్కించి రాసే ఎస్‌ఎంఆరా అన్నది మోడల్ నంబరు పెట్టి వెతికి చూడు. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది. అలాంటి దాన్ని జెడ్‌ఎఫ్‌ఎస్‌లో వేస్తే పాడైన డిస్కు మార్చినప్పుడు ఏడిపిస్తుంది. మంచి డిస్కయినా సెకనుకు 150 ఎంబీ లెక్కన 8 టీబీ నింపడానికి పదిహేను గంటలు పడుతుంది. ఆ పదిహేను గంటలూ రెండోది గట్టిగా ఉండాలి కదా, అందుకే రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొనకు.

మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ ఉన్నట్టు కాదు. పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. రోజూ స్నాప్‌షాట్ పెట్టు, దానికి ఖర్చేమీ లేదు.

సర్వరు సజ్జ మీద పెడతానన్నావు. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. స్లాబు కిందే ఉన్న సజ్జ సాయంత్రానికి పొయ్యి. అలాగని నేల మీదా వద్దు. 2024 సెప్టెంబరు 1న వాన వరదకు కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, నువ్వే వీడియో పంపావు. హాల్లో బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టు. మేళ్లచెర్వు వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల దుమ్ము మీకుంది, రైసుమిల్లుల ఊక బూడిద మాకుంది. నెలకోసారి బ్లోయర్ కొట్టించు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ అక్కర్లేదనుకోకు. ఇన్వర్టర్ ఎక్కువసేపు లాగుతుంది గానీ బ్యాటరీ అయిపోతోందని సర్వరుకు చెప్పదు. యూఎస్‌బీ ఉన్న చిన్న యూపీఎస్ తీసుకుని నట్ సాఫ్ట్‌వేర్ పెడితే మిషన్ తనంతట తాను మర్యాదగా ఆగిపోతుంది. నీ లిస్టులో ఇది లేదు, మొదట రాయాల్సింది ఇదే.

ఇక రెండో కాపీ. సూర్యాపేటలో అక్క దగ్గర పెడతానన్నావు. వద్దనను, కానీ కోదాడ, సూర్యాపేట రెండూ 65వ జాతీయ రహదారి మీదే ఉన్నాయి. ఆ సెప్టెంబరు వాన రెండు వైపులా పడింది, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. అక్క దగ్గర ఫొటోల కాపీ ఒకటి ఉండనీ, టాలీతో సహా పూర్తి కాపీ నా దగ్గర పెట్టు. మాది మేడ మీద గది, పాత మిషన్ ఒకటి ఖాళీగా ఉంది. మొదటిసారి 600 జీబీ నెట్‌లో పంపాలంటే 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ తెగకుండా ఉన్నా ఒక రోజు పైనే పడుతుంది. డిస్కు సంచిలో వేసుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సెక్కు, పూట కూడా పట్టదు. ఆ తర్వాత రాత్రిపూట మారినంత మటుకు టెయిల్‌స్కేల్ మీద వస్తుంది. టెయిల్‌స్కేల్ ఎందుకంటే, లోకల్ కేబుల్ నెట్‌వాళ్లు మామూలుగా పబ్లిక్ ఐపీ ఇవ్వరు, వాళ్లతో వాదించి లాభం లేదు.

డిస్కు తెచ్చే ముందే ఎన్‌క్రిప్ట్ చెయ్. మీ నాన్న బాకీల పద్దు నేను చూడటం ఆయనకు నచ్చదు, నాకూ అవసరం లేదు. పాస్‌వర్డు కాగితం మీద రాసి మీ అమ్మ బీరువాలో పెట్టించు, ఆ సర్వరులోనే దాచకు. వచ్చిన రోజు టాలీ ఫోల్డరును నా దగ్గరి కాపీ నుంచి నీ ల్యాప్‌టాప్‌లోకి దించి, ఓపెన్ అవుతోందో లేదో నా ముందే చూపించు. అప్పటిదాకా సీటీసీకి వెళ్లకు.

మీ మామ