స్ప్రింగులు కట్ చేయించకండి

కారు స్ప్రింగులు కట్ చేయిస్తే లుక్ వస్తుంది, గ్రిప్ రాదు. సస్పెన్షన్ కదలడానికి జాగా తగ్గిపోయి, గుంత రాగానే బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. టైరు ఒక్క క్షణం రోడ్డు వదిలేస్తుంది. ఘాట్ మలుపులో ఆ క్షణం చాలు.

ముందు టైర్లు చూడండి. స్విఫ్ట్ కింది వేరియంట్లకి 165/80 ఆర్14, పై వాటికి 185/65 ఆర్15 వస్తాయి. లెక్కేద్దాం. 165లో 80 శాతం, అంటే 132 మి.మీ., సైడ్‌వాల్. రెండు వైపులా 264, రిమ్ము 355.6, మొత్తం 619.6. రెండోదానికి ఇలాగే 621.5 వస్తుంది. ఎత్తు దాదాపు అంతే, కాబట్టి స్పీడోమీటర్‌తో గొడవ లేదు. కానీ సైడ్‌వాల్ 120కి దిగింది, అందుకే మలుపులో తక్కువ వంగుతుంది. (మైలేజ్ కొంచెం పోవచ్చు, ఇది ఇంట్లో చెప్పకండి!)

షాక్ అబ్జార్బర్లు అరిగితే జతగానే మార్చాలి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.