రాజు త్రాగని నీళ్లు

పాఠ్యభాగము: 2 సమూయేలు 15:13-22; 19:31-39; 23:13-39

దావీదును గూర్చి మాటలాడునప్పుడు గొల్యాతుతోనో కీర్తనలతోనో మొదలుపెట్టుట మనకు వాడుక. ఈ పాఠములో అతని ప్రక్కన నిలిచిన మనుష్యులను చూతము. వారు అతనికి ఏమి చేసిరో మాత్రమే గాక, అతడు వారిని ఎట్లు చూచెనో కూడ గమనింతము.

ముందు 23వ అధ్యాయము తెరువుడి. అది కోతకాలము. ఆ దేశములో కోతలనాటికి వానలు నిలిచిపోవును. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. ఫిలిష్తీయుల దండు రెఫాయీము లోయలో దిగియున్నది, వారి కావలివారు బేత్లెహేములోనే కూర్చున్నారు. అనగా అతడు పుట్టిన ఊరు శత్రువుల చేతిలో ఉన్నది. ఆ ఊరి గవిని దగ్గరి బావి నీళ్లు ఎవరైనా తెచ్చి యిచ్చిన ఎంత బాగుండునని అతడు పైకి అనుకొన్నాడు. అది ఆజ్ఞ కాదు, ఉత్త ఆశ. సొంత ఊరు విడిచి వచ్చిన మన పెద్దలలో ఆ ఊరి నీటి రుచి తలంచుకొననివారు ఎవరు? అయితే ఆ మాట ముగ్గురి చెవిని పడినది. గుహనుండి బేత్లెహేమునకు సుమారు 20 కిలోమీటర్లు, కొండసీమలోనికి ఎక్కవలసిన దారి. వారు శత్రువుల దండును చీల్చుకొని పోయి, నీళ్లు చేది, తిరిగి వచ్చిరి.

దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. దేవుని సన్నిధిని పారబోసెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల మనలో ఎవరో ఒకరు అడుగుచుందురు: ప్రాణాలకు తెగించి తెచ్చినదానిని నేల పాలు చేయుట వారిని చిన్నబుచ్చుట కాదా? మంచి ప్రశ్నే. దీనికి జవాబు ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయములో దొరకును. రక్తమును తినరాదు, నీళ్లవలె నేలమీద పోయవలెనని అక్కడ ధర్మశాస్త్రము చెప్పుచున్నది. దావీదు నీళ్లను రక్తమువలె పోసెను. ఇది నా దాహము తీర్చు నీరు కాదు, ఈ ముగ్గురి ప్రాణమని అతని భావము. త్రాగి మెచ్చుకొని బహుమానము ఇచ్చియుంటే వారు మంచి సేవకులు అనిపించుకొందురు, అంతే. పారబోయుటవలన వారి సాహసము దేవునికి అర్పణ ఆయెను. తనకు అంతటి ప్రేమను పుచ్చుకొను హక్కు లేదని ఒప్పుకొన్న రాజు ఇతడు.

ఇప్పుడు 15వ అధ్యాయము. కుమారుడైన అబ్షాలోము తిరుగబడగా దావీదు యెరూషలేము విడిచి నడచి పోవుచున్నాడు. వెంట నడచువారిలో గిత్తీయుడైన ఇత్తయి, గాతునుండి వచ్చిన ఆరువందలమంది ఉన్నారు. గాతు గొల్యాతు ఊరు! ఆ ఊరివాడు దావీదు పక్షమున నిలుచుట వింతగా లేదా? దావీదు అతనిని చూచి, నీవు పరదేశివి, నిన్న గాక మొన్న వచ్చినవాడవు, ఎక్కడికి పోదునో నాకే తెలియనప్పుడు నిన్నెందుకు త్రిప్పవలెను, తిరిగి వెళ్లుమని నచ్చచెప్పెను. కష్టకాలములో మనుష్యులను పట్టి ఉంచుకొనుట సులువు. వారిని విడిచిపెట్టుటకే ధైర్యము కావలెను. ఒకప్పుడు తానే ఫిలిష్తీయుల దేశములో పరాయివాడుగా ఒక సంవత్సరము నాలుగు నెలలు తలదాచుకొన్నవాడు గనుక దావీదునకు ఆ బాధ తెలియును. తరములు గడచినను నిన్న వచ్చినవారివలెనే చూడబడు మనకు కూడ తెలియును.

ఇత్తయి వెళ్లలేదు. చావైనను బ్రదుకైనను రాజు ఉన్నచోటనే ఉందునని ప్రమాణము చేసెను. అతడు ఒంటరిగా లేడు, పిల్లలు కూడ వెంట ఉన్నారు, ఈ సంగతి మరువకుడి. తరువాత దావీదు తన సేనను మూడు భాగములు చేసి, ఒకటి యోవాబునకు, ఒకటి అబీషైకి, మూడవది ఈ పరదేశి చేతికి అప్పగించెను. (23వ అధ్యాయపు పట్టికలో కనబడు ఇత్తయి బెన్యామీనీయుడు. ఇద్దరిని ఒకరని పొరబడకుడి.)

అదే సమయములో సొంత మంత్రియైన అహీతోపెలు శత్రువుతో కలిసెను. మనము అతనిని ద్రోహి అని ఊరకుందుము. కాని బత్షెబ తండ్రి పేరు ఏలీయాము, అహీతోపెలు కుమారుని పేరు కూడ ఏలీయామే. ఇద్దరు ఒక్కరే అయితే అహీతోపెలు ఆమెకు తాత. అప్పుడు అతని పగకు వేరు ఎక్కడున్నదో ఆలోచింపవలసి వచ్చును.

బర్జిల్లయి సంగతి క్లుప్తముగా చెప్పుదము. ఎనుబది యేండ్ల ఆ గిలాదీయుడు మహనయీములో రాజు పరివారమును పోషించెను. దావీదు జయించి తిరిగి వచ్చునప్పుడు నాతో యెరూషలేమునకు రమ్మని పిలిచెను. ముసలాయన రాలేదు. తిండి రుచి తెలియదు, పాట వినబడదు, మీకు భారమెందుకు, మా ఊరిలో తలిదండ్రుల సమాధి దగ్గర చావనిండని వేడుకొని, కింహామును పంపెను. రాజు బలవంతము చేయలేదు. ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. చనిపోవు ముందు కూడ సొలొమోనుతో బర్జిల్లయి కుమారులకు నీ బల్లయొద్ద చోటిమ్మని చెప్పెను.

ఇక చెప్పుటకు ఇష్టములేని సంగతి యొకటి మిగిలినది. నీళ్లు పారబోసిన చేతులే 11వ అధ్యాయములో ఒక ఉత్తరము వ్రాసినవి. హిత్తీయుడైన ఊరియా కూడ ఇత్తయివలె పరజాతివాడే. దేవుని మందసమును తోటి సైనికులును బయట గుడారములలో ఉండగా నేను ఇంటికి పోయి సుఖపడుదునా అని రాజనగరు వాకిట పండుకొన్నవాడు. అతనిని చంపించుమని వ్రాసిన ఉత్తరమును దావీదు అతని చేతికే ఇచ్చి యోవాబునకు పంపెను. ముగ్గురి ప్రాణమును నోట పెట్టుకొననని చెప్పిన మనిషి ఈ ఒక్కని ప్రాణమును తన తప్పు కప్పుకొనుటకు వాడుకొనెను. మన బడులలో పిల్లలకు మొదటి కథ చెప్పి రెండవది దాటవేయుదుము. గ్రంథము మాత్రము దాటవేయలేదు.

నీళ్లు తెచ్చిన కథ ఉన్న 23వ అధ్యాయములోనే దావీదు శూరుల పట్టిక ఉన్నది. యోవాబు సహోదరుల పేర్లు, అతని ఆయుధములు మోసినవాని పేరు అందులో ఉన్నవి, శూరుల వరుసలో యోవాబు పేరు మాత్రము లేదు. మొత్తము ముప్పది యేడుగురని వ్రాయుటకు ముందు వచ్చు కడపటి పేరు, హిత్తీయుడైన ఊరియా.