తిరిగి వచ్చువాడు, వాని గిటారు: ఖర్చు లెక్క చూచుకొనుట

(గృహకూటములకును యౌవనస్థుల కూటములకును పాఠము)

చదువవలసిన భాగములు: లూకా 14:28-30, మార్కు 7:9-13, 1 దినవృత్తాంతములు 15:16-22, కీర్తనలు 137:1-4, సామెతలు 28:13



కువైటులో ఏసీ మెకానిక్కుగా పనిచేయుచున్న మన సంఘపు యౌవనస్థుడు ఒకడు ఈమధ్య నాకు ఫోను చేసెను. అతని తాతగారు చిత్తూరు వైపునుండి కోలారు బంగారు గనులకు పనికి వచ్చినవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మన పిల్లలు కొందరు రోజూ రైలులో బెంగుళూరుకు వెళ్లుచున్నారు, కొందరు సముద్రము దాటిరి. ఇతడు దాటినవాడు. ఎనిమిది సంవత్సరములైనది. వచ్చే వేసవికి ఇక మరల వెళ్లకుండ తిరిగి వచ్చుచున్నాడు.

"మాస్టారూ, ఇక్కడ శుక్రవారం కూటంలో గిటారు వాయిస్తున్నాను. అది కూటం వాళ్లది. వచ్చేముందు నాకంటూ ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కోవాలని ఉంది. కొనమంటారా? మన గుళ్లో వాయించనిస్తారా?" అని అడిగెను.

అవును అనియు కాదు అనియు ఒక్క మాటలో చెప్పలేకపోయితిని. అతనికి చెప్పినదంతయు, చెప్పుటకు ముందు నేను ఒప్పుకొనవలసినదియు ఈ పాఠములో వ్రాయుచున్నాను.

1. ముందుగా ఒక ఒప్పుకోలు

1990 తరువాతి సంవత్సరములలో ఒక సహోదరుడు అమెరికానుండి ఎలక్ట్రిక్ గిటారును, దాని యాంప్లిఫయరును మన గుడికి తెచ్చెను. క్రిస్మసు పాటల అభ్యాసము జరుగుచున్నది. ఆయన బయట ఎవరితోనో మాటలాడుచుండగా, నేను తొందరపడి ప్లగ్గు మార్చి గోడకు పెట్టితిని. ఒక్క నిమిషములో పొగ వచ్చెను. యాంప్లిఫయరు కాలిపోయెను.

అప్పుడు పెద్దలలో కొందరు, "చూచితిరా, గుడిలోనికి ఇటువంటివి రాకూడదని దేవుడే చూపించెను" అనిరి. ఆ రాత్రి నేను యాంప్లిఫయరు వెనుక పలక చదివితిని. అందులో 120 వోల్టులని స్పష్టముగా ఉన్నది. మన ఇండ్ల కరెంటు 230 వోల్టులు. బడిలో పిల్లలకు విద్యుత్తు పాఠము చెప్పువాడను నేనే. ఆ తప్పు నాది. అయినను నేను నోరు విప్పలేదు. నా అజాగ్రత్తను దేవుని చిత్తమని చెప్పుచుండగా విని ఊరకుంటిని. ఆ సహోదరుడు మెల్లగా మన గుడికి వచ్చుట మానివేసెను.

2011లో బెంగుళూరులో ఆయన ఇంటికి వెళ్లి ఒప్పుకొంటిని. ఆయన నవ్వి, "నాకు ఆ రోజే తెలుసు మాస్టారూ. వెనకాల ఉన్నది నేను కూడా చదివాను. మీరు చెప్తారేమోనని చూశాను" అనెను. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. అతిక్రమమును దాచిపెట్టువాడు వర్ధిల్లడని సొలొమోను చెప్పినది నా యెడల నిజమాయెను. కాబట్టి ఈ యౌవనస్థుడు అడిగినప్పుడు, వాయిద్యమును గూర్చిన సత్యమును తెలిసికొని చెప్పుట నా బాధ్యత అనుకొంటిని.

2. గిటారు వేరు, యాంప్లిఫయరు వేరు

ఎలక్ట్రిక్ గిటారు అనగానే దానిలో కరెంటు ఉన్నదని మనము భయపడుదుము. గిటారులో గోడ కరెంటు లేదు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములును, వాటి చుట్టు సన్నని రాగి తీగ చుట్టలును ఉండును. వీటిని పికప్పులందురు. ఉక్కు తీగ కదలినప్పుడు రాగి చుట్టలో అతి స్వల్పమైన కరెంటు పుట్టును. ఆ స్వల్పమైన దానిని పెద్ద ధ్వనిగా చేయునది యాంప్లిఫయరు. కాబట్టి గిటారును ఏ దేశములో కొనినను మన దేశములో పనిచేయును. కొన్నిటికి 9 వోల్టుల చిన్న బ్యాటరీ కావలెను, అంతే.

యాంప్లిఫయరు సంగతి అట్లు కాదు. అమెరికాలో 120 వోల్టులు, జపానులో 100 వోల్టులు. ఆ దేశముల కొరకు చేసిన దానిని నేరుగా మన గోడకు పెట్టిన, నేను చేసినదే జరుగును. కువైటులో 240 వోల్టులు, 50 సైకిళ్లు గనుక అక్కడి కొరకు చేసినది ఇక్కడను నడచును. ప్లగ్గు మాత్రము వేరు. అక్కడ చదరపు ముండ్లు, మనకు గుండ్రని ముండ్లు. ఏ దేశమునుండి తెచ్చినను వెనుక పలక చదువకుండ ప్లగ్గు మార్చకూడదు. యాంప్లిఫయరు బరువైనది కూడ. విమానములో బరువునకు డబ్బు కట్టుటకంటె, గిటారును అక్కడ, యాంప్లిఫయరును ఇక్కడ కొనుట మేలు.

3. ఎటువంటిది కొనవలెను?

లోకములో ఎక్కువగా కనబడు నమూనాలు రెండు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ ఒకటి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ రెండవది. ఇతర కంపెనీలు ఈ రెండు పోలికలలో తక్కువ ధరకు చేయుచున్నవి. లెస్ పాల్ పోలికలో మెడను జిగురుతో అతికింతురు. తల భాగము వెనుకకు వంగి యుండును గనుక క్రింద పడిన అక్కడ విరుగుట సాధారణము. స్ట్రాటోకాస్టర్ పోలికలో మెడను స్క్రూలతో బిగింతురు. విప్పవచ్చును, మార్చవచ్చును. దూర ప్రయాణము చేయవలసిన దానికి ఇది అనుకూలము.

ఒంటి చుట్ట పికప్పు ట్యూబులైట్లు, పాత వైరింగు ఉన్నచోట గుయ్యిమని మ్రోగును. రెండు చుట్టలు కలిపి ఆ మ్రోతను కొట్టివేయు హంబకర్ అను పికప్పు 1950ల మధ్యలో వచ్చినది. మన గుళ్లలో చాలవాటికి వైరింగు పాతదే. కనుక కనీసము ఒక హంబకర్ ఉన్నది చూచుకొనుమని చెప్పితిని.

క్రొత్తదే కావలెనని లేదు. దేశము విడిచి వెళ్లువారు అమ్ముకొనునవి దొరకును. మెడ వంగినదా, మెడమీది లోహపు మెట్లు అరిగినవా, మరలు జారుచున్నవా, వైరు పెట్టుచోట గరగరలాడుచున్నదా చూడవలెను.

4. దారిలో జాగ్రత్తలు

గట్టి పెట్టె తప్పనిసరి. తీగలను కొంచెము వదులు చేయవలెను. చేతి సామానుగా ఒప్పుకొందురో లేదో విమాన కంపెనీని ముందే అడుగవలెను. మెడమీద రోజ్‌వుడ్ చెక్క ఉన్నవాటికి 2017 జనవరి నుండి అంతర్జాతీయ నియమములు కఠినమైనవి గాని, 2019 నవంబరులో తయారైన సంగీత వాయిద్యములకు సడలింపు ఇచ్చిరి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రము ఆ సడలింపు లేదు. కస్టమ్సు విషయమై, 2016 నిబంధనలలో గల్ఫునుండి వచ్చువానికి సుంకము లేని సామాను పరిమితి 50,000 రూపాయలుగా ఉండెను. అంకెలు మారుచుండును గనుక బయలుదేరకముందు ఆ నాటి నియమము చూచుకొని, రశీదు దగ్గర ఉంచుకొనవలెను. దాచి తెచ్చినదానితో దేవుని స్తుతించుట తగదు.

5. గోపురము కట్టువాని లెక్క

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను. ఇతనిని కూడ కూర్చుండి వ్రాయుమంటిని. వ్రాసి చదివి వినిపించెను. గిటారు, పెట్టె, సామాను ఖర్చు, ఇక్కడ కొనవలసిన యాంప్లిఫయరు అన్నియు కలిపి దాదాపు రెండు నెలల జీతము. చెల్లెలి నర్సింగు చదువునకు చివరి సంవత్సరపు ఫీజు ఇంకను మిగిలియున్నది.

"గిటారు దేవుని పనికే కదా మాస్టారూ" అనెను.

అప్పుడు మార్కు 7వ అధ్యాయము తీయుమంటిని. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించెను. ఇంటివారికి బాకీ ఉన్న సొమ్ముతో కొన్న గిటారు, గుడిలో ఎంత చక్కగా మ్రోగినను, చెల్లెలి చెవికి వేరుగా వినబడును. అతడు చాలసేపు మాటలాడలేదు. నేనును తొందరపెట్టలేదు.

6. వాయిద్యముతో తిరిగివచ్చుట

తరువాత అసలు మాట బయటికి వచ్చెను. "ఎనిమిదేళ్లయింది. నన్నెవరు గుర్తుపడతారు? చేతిలో గిటారు ఉంటే నాకొక చోటుంటుంది."

బబులోనులో చెరపట్టబడినవారు తమ సితారాలను చెట్లకు తగిలించిరి. పరదేశములో పాడలేకపోయిరి. మనవానికి అట్లు కాలేదు. పరదేశములోనే వాయించుట నేర్చుకొనెను, ఇంటికి వచ్చుటకే భయపడుచున్నాడు. నేను చెప్పినది ఇది: "నాయనా, నీ చోటు గిటారుతో కొనుక్కునేది కాదు. ఉత్త చేతులతో వచ్చినా మీ అమ్మ పక్కన బెంచీ ఖాళీగానే ఉంది."

మరియొకటియు చెప్పితిని. దావీదు దినములలో కెనన్యా సంగీతములో ప్రవీణుడు గనుక ఇతరులకు నేర్పుటకు నియమింపబడెను. నేర్పుటకు ముందు నేర్చుకొనవలెను. మన పాత కీర్తనలు రాగ తాళములతో కట్టినవి. మెట్లున్న వాయిద్యముపై గమకములు పలుకవని కొందరందురు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతము వాయించి అది సాధ్యమని చూపెను. గిటారు సన్నని తీగలను ప్రక్కకు లాగి స్వరమును ఊపవచ్చును. అయితే ముందు మూడు నెలలు మన వృద్ధ స్త్రీలు పాడుచుండగా ప్రక్కన కూర్చుండి వినవలెను.

ఇప్పుడు అతని నిర్ణయము: ముందు ఫీజు కట్టును. మిగిలినదానితో, దేశము విడిచి వెళ్లుచున్న ఒక ఫిలిప్పీను సహోదరునియొద్ద పాత గిటారు కొనును. యాంప్లిఫయరు మాట తరువాత.

7. సంఘము చేయవలసినది

తిరిగి వచ్చువారే లెక్క చూచుకొనవలెనా? మనమును చూచుకొనవలెను. 1902లో శివనసముద్రము నుండి విద్యుత్తు మన గనులకు వచ్చినది. ఇన్ని సంవత్సరములైనను మన గుడిలో సరియైన ఎర్త్ వైరు లేదు. గిటారు తీగలు యాంప్లిఫయరు ద్వారా ఎర్తునకు కలిసియుండును. ఎర్తు సరిగా లేనిచోట ఒక చేయి తీగలమీద ఉండి పెదవులు మైకునకు తగిలిన, ప్రాణాపాయమే కలుగవచ్చును. ఈ మాట పెద్దల కూటములో చెప్పితిని. పాత సంగతియు వారియెదుట ఒప్పుకొంటిని. వేసవికి ముందుగా ఎర్తు వేయించుటకు అందరు సమ్మతించిరి. మీ గుడిలో ఎర్తు ఉన్నదో లేదో ఈ వారమే ఎలక్ట్రీషియనును పిలిచి చూపించుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన అజాగ్రత్తవలన జరిగిన నష్టమును దేవుని చిత్తమని చెప్పిన సందర్భములు మన సంఘములో ఉన్నవా?
2. "దేవుని పనికే" అను మాట ఇంటి బాధ్యతను తప్పించుకొనుటకు ఎప్పుడు సాకు అగును?
3. దూరదేశమునుండి తిరిగివచ్చువారిని వారు తెచ్చిన వస్తువులనుబట్టి చూచుచున్నామా, వారినిబట్టి చూచుచున్నామా?
4. యౌవనస్థులు పాత కీర్తనలు నేర్చుకొనుటకు మన సంఘములో ఎవరు సమయమిత్తురు?

ప్రార్థనాంశములు: పరదేశములలో పనిచేయుచున్న మన బిడ్డలకొరకు; ఈ సంవత్సరము తిరిగి రానైయున్న వారికొరకు; మన మాటవలనగాని, మన మౌనమువలనగాని సంఘమునకు దూరమైనవారికొరకు.