స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయం: చరిత్ర, నిర్మాణం, చదువులు

ఫ్రాన్స్ తూర్పు సరిహద్దులో, రైన్ నదికి ఆవల జర్మనీ కనిపించేంత దగ్గర్లో ఉన్న నగరం స్ట్రాస్‌బర్గ్. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 50 వేల మందికి పైగా చదువుతున్నారు. నగరం రెండు దేశాల మధ్య చేతులు మారుతూ వచ్చింది. విశ్వవిద్యాలయం స్వరూపమూ దాంతోపాటే మారింది.

చరిత్ర

మానవతావాది యోహానెస్ స్టుర్మ్ 1538లో నెలకొల్పిన ప్రొటెస్టెంట్ పాఠశాల దీనికి మూలం. అది 1566లో అకాడమీగా, 1621లో విశ్వవిద్యాలయంగా ఎదిగింది. 1681లో నగరం ఫ్రాన్స్ వశమైంది. జర్మన్ కవి గోథే 1770-71లో ఇక్కడ న్యాయశాస్త్రం చదివాడు. లూయీ పాశ్చర్ 1849 నుంచి 1854 వరకు రసాయనశాస్త్రం బోధించాడు.

1871లో స్ట్రాస్‌బర్గ్ ఉన్న ఆల్సేస్ ప్రాంతం జర్మనీకి దక్కింది. మరుసటి ఏడాదే జర్మన్ ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయాన్ని కొత్తగా స్థాపించింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇది మళ్లీ ఫ్రెంచ్ సంస్థ అయింది. చరిత్ర రచనను మలుపు తిప్పిన 'అనాల్' పత్రికను చరిత్రకారులు మార్క్ బ్లాక్, లూసియన్ ఫెవ్ర్ 1929లో ప్రారంభించింది ఇక్కడ పనిచేస్తున్నప్పుడే. రెండో ప్రపంచయుద్ధంలో విశ్వవిద్యాలయం తాత్కాలికంగా క్లెర్మాంట్ ఫెరాండ్ నగరానికి తరలింది.

1968 నాటి ఉన్నతవిద్యా చట్టం తర్వాత ఇది మూడు ముక్కలైంది. విజ్ఞానశాస్త్రం, వైద్యం ఒకచోట, మానవీయశాస్త్రాలు మరోచోట, న్యాయ, రాజనీతి విభాగాలు ఇంకోచోట చేరాయి. 2009 జనవరి 1న ఆ మూడూ విలీనమయ్యాయి. ఇక్కడి ఆచార్యుడు జాన్ పియెర్ సోవాజ్‌కు 2016లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

నిర్మాణం

పాలకమండలిలో అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థులు, బయటి సభ్యులు ఉంటారు. ఈ మండలి నాలుగేళ్ల కాలానికి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటుంది. పరిశోధన, బోధన, విద్యార్థి జీవితానికి సంబంధించిన విషయాలను అకడమిక్ కౌన్సిల్ చూస్తుంది. బోధన బాధ్యత ఫ్యాకల్టీలు, స్కూళ్లు, ఇన్‌స్టిట్యూట్‌లది. పరిశోధన ఎక్కువగా సీఎన్‌ఆర్‌ఎస్, ఇన్‌సెర్మ్ వంటి జాతీయ సంస్థలతో కలిసి నడిచే ప్రయోగశాలల్లో సాగుతుంది.

ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా ఇక్కడ కేథలిక్, ప్రొటెస్టెంట్ దైవశాస్త్ర ఫ్యాకల్టీలు రెండూ ఉన్నాయి. మతాన్ని, రాజ్యాన్ని వేరుచేసిన 1905 చట్టం వచ్చేనాటికి ఈ ప్రాంతం జర్మనీలో ఉంది. అందువల్ల ఆ చట్టం ఇక్కడ నేటికీ వర్తించదు.

చదువులు, ప్రవేశాలు

లైసెన్స్ అనే డిగ్రీ మూడేళ్లు, 180 క్రెడిట్లు. మాస్టర్స్ రెండేళ్లు, 120 క్రెడిట్లు. డాక్టరేట్‌కు సాధారణంగా మూడేళ్లు పడుతుంది. డిగ్రీ కోర్సులు ప్రధానంగా ఫ్రెంచ్‌లోనే ఉంటాయి. ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులు మాస్టర్స్ స్థాయిలో దొరుకుతాయి.

యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు 2019లో ప్రభుత్వం ప్రత్యేక ఫీజు పెట్టింది. అప్పుడు అది ఏడాదికి డిగ్రీకి 2,770, మాస్టర్స్‌కు 3,770 యూరోలు. తర్వాత దాన్ని సవరించారు. డాక్టరేట్‌కు మాత్రం ఫ్రెంచ్ విద్యార్థులతో సమానమైన ఫీజే. ఈ విద్యార్థులు చదువుకుంటూ ఏడాదికి 964 గంటల వరకు పనిచేయవచ్చు.

భారతీయ విద్యార్థులు ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ నడిపే దరఖాస్తు ప్రక్రియ ద్వారా రావాలి. అయితే ఎంపిక నిర్ణయం సంబంధిత ఫ్యాకల్టీదే. కాబట్టి దరఖాస్తుకు ముందు విశ్వవిద్యాలయం పేరుతో సరిపెట్టుకోకుండా, చేరదలచిన ఫ్యాకల్టీ అడిగే భాషాస్థాయి, క్రెడిట్లు, గడువు, ఆ ఏటి ఫీజు సరిచూసుకోవాలి.