కన్నీటినుండి కైంకర్యమునకు

గతించిన ఆత్మీయులకు తిలోదకములు విడుచుట, తిథినాడు తదీయారాధన జరిపించుట మన గృహములలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. దానిని విడువరాదు. కాని క్యాన్సరు వంటి వ్యాధితో నెలల తరబడి కృశించి మనవారు కనుమూసినప్పుడు, కర్మలన్నియు ముగిసిన పిదప గూడ మనస్సులో ఒక ప్రశ్న మిగిలియుండును: ఇట్టి బాధ పడుచున్న మరియొక ఇంటికి నేనేమైన చేయగలనా?

ఈ ప్రశ్నకు తన జీవితముతోనే సమాధానము చెప్పిన మహనీయురాలు డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి. 1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో మద్రాసు వైద్యకళాశాలనుండి పట్టము పొందిన ఈమె చెల్లెలు 1923లో క్యాన్సరుతో మరణించెను. వైద్యము తెలిసిన అక్క యుండియు చెల్లెలు దక్కలేదు. నాడు దక్షిణదేశమున ఈ వ్యాధికి ప్రత్యేకమైన ఆసుపత్రియే లేదు. నయము కాని రోగమునకు ఆసుపత్రి యేల యనువారు పెద్దలలోనే యుండిరి. ఆమె వెనుదీయక, మహిళా భారత సంఘము పక్షమున 1949లో క్యాన్సరు సహాయనిధిని నెలకొల్పి విరాళములర్థించెను. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1954లో అడయారులో 12 పడకలతో ఆసుపత్రి ప్రారంభమయ్యెను. చెల్లెలు పోయిన నాటినుండి అప్పటికి 31 సంవత్సరములు! ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి, ఆయనతోపాటు డాక్టరు శాంత ఆ సంస్థను పెంచి పెద్దచేసిరి. నేటికిని మన తెలుగునాటినుండి రోగులు అచ్చటికి పోవుచునే యున్నారు.

మర్యాదగా బ్రతికిన ఇంటివారు విరాళములకై చేయిచాచుట చిన్నతనము కాదా యని కొందరు సంకోచింతురు. సాక్షాత్తు శ్రీమన్నారాయణుడే వామనుడై బలిచక్రవర్తి ముంగిట నిలిచి మూడడుగుల నేల యాచించెను గదా! ఆ యాచన తనకొరకు కాదు; రాజ్యము కోల్పోయిన ఇంద్రునికొరకు. పరులకై చాచిన చేయి ఎన్నడును చిన్నది కాదు. ఇచ్చిన బలియు నష్టపోలేదు. సుతలమున స్వామియే అతని వాకిట కావలి నిలిచెను.

అయితే ఇట్టి పని కైంకర్యము కావలెనన్న, మన పెద్దలు చెప్పిన సాత్త్వికత్యాగము దీనికిని అవసరము. మొదటిది కర్తృత్వత్యాగము. "నేను ఇంత వసూలు చేసితిని" అను భావము విడువవలెను. లక్ష ఇచ్చినవానిని, పది రూపాయలిచ్చిన వృద్ధురాలిని సమముగా చూడవలెను. రెండవది మమతాత్యాగము. చేరిన సొమ్ము మనది కాదు. ప్రతి పైసకును రసీదు, లెక్క యుండవలెను; చెప్పిన పనికే వెచ్చించి, ఇచ్చినవారికి ఆ వివరము తెలుపవలెను. దేవుని హుండీయందు మనకెంత భయభక్తులుండునో రోగుల నిధియందును అంతే యుండవలెను. మూడవది ఫలత్యాగము. పోయినవారి పేరు నిలుపుట తప్పు కాదు. కాని చలువరాతి ఫలకముకన్న ఒక రోగి మందులు, వెంట వచ్చినవారి భోజనము, ఊరినుండి ఆసుపత్రికి ప్రయాణపు ఖర్చు – వీనిలో ఆ పేరు సార్థకమగును.

ధనము లేనివారు మాటసాయము చేయవచ్చును. నోటిక్యాన్సరుకు పొగాకు ముఖ్యకారణములలో నొకటి. నోరు, స్తనము, గర్భాశయముఖము మొదలగు భాగములలో వచ్చు ఈ వ్యాధిని తొలిదశలో గుర్తించిన నయమగు అవకాశము చాల హెచ్చు. తిథినాడు ఇంటికి వచ్చిన బంధువులకు, ముఖ్యముగా నొప్పిని దాచుకొను స్త్రీలకు, ఈ మాట చెప్పుటయు దానమే.

పోయినవారిని స్వామి తన పాదములచెంత చేర్చుకొనెనని మన విశ్వాసము. వారికై మనము వగచు ప్రేమ మాత్రము ఇచ్చటనే మిగిలినది. ఆ ప్రేమను, ఇంకను బ్రతుకుటకు పెనుగులాడుచున్నవారిలోని అంతర్యామికి సమర్పింతము.