అప్పులవాడు నిలువవలసిన చోటు

(ఈ మాసపు పాఠము. చదువవలసిన భాగములు: ద్వితీ. 24:6, 10–13, నెహెమ్యా 5:1–13, లేవీ. 25:29–31)

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ యున్నది. దానిమీద ప్రసంగము వినుట అరుదు. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తీసికొనుటకు వచ్చినప్పుడు బాకీదారుని యింటిలోనికి పోరాదు; వీధిలోనే నిలిచి యుండవలెను. ఇంటివాడే తాను ఇయ్యదలచిన దానిని బయటికి తెచ్చి వాని చేతికియ్యవలెను. అంతే. బాకీ కొట్టివేయమని దేవుడు ఇచ్చట చెప్పలేదు. అప్పు అప్పే, తీర్చవలసినదే. అయితే బాకీదారుని గడప దాటు హక్కును అప్పు ఎవనికిని ఇయ్యదు.

మన పేటలలోని యిండ్లు తెలిసినవారికి ఈ ఆజ్ఞ విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఒకే గది. అందులోనే పొయ్యి, అందులోనే పడక, మూలను బియ్యపు డబ్బా, దండెముమీద బట్టలు, చాపమీద జ్వరముతో పడియున్న ముసలితల్లి. పరాయివాడు లోపల అడుగు పెట్టగానే అతని కన్ను అన్నిటిమీదను పడును. ఏది అమ్మిన ఎంత వచ్చునో లెక్క కట్టును. ఇంటి యిల్లాలికి దాగుటకు చోటుండదు. కావున దేవుడు ఆ గడపయొద్ద ఒక గీత గీసి, బాకీదారుడైనను తన యింట తానే యజమానుడని తేల్చెను. ఏ వస్తువు ఇయ్యవలెనో ఏరుకొనువాడు అప్పిచ్చినవాడు కాడు, పేదవాడే.

అదే అధ్యాయము ఆరవ వచనములో తిరుగటిని తాకట్టు పట్టకూడదను ఆజ్ఞ యున్నది. పూర్వము ఏ పూట పిండి ఆ పూట విసరుకొనెడివారు గనుక తిరుగటి పోయిన యింట రాత్రికి రొట్టె లేదు. నేడు మనకు కుట్టుమిషను, పాడిగేదె, ఆటో, తాపీమేస్త్రి పనిముట్లు ఆ తిరుగటివంటివి. వాటిని పట్టుకొనిపోయినవాడు బాకీ తీర్చవలసిన చేతినే నరికినవాడగుచున్నాడు. ఇది అధర్మము మాత్రమే కాదు, తెలివిమాలిన వ్యాపారము కూడ.

పండ్రెండు, పదమూడు వచనములు పేదవాని పైబట్టను గూర్చినవి. దానిని తాకట్టు పట్టినవాడు ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెను, ఏలయనగా రాత్రి కప్పుకొనుటకు వానికి వేరొకటి లేదు (నిర్గమ. 22:26–27 కూడ చూడుడి). ఈ ఆజ్ఞ కాగితముమీద మాత్రమే యుండెనా? ఇశ్రాయేలు దేశపు సముద్రతీరమున, యబ్నెకు దగ్గరనున్న ఒక పాత కోటలో 1960లో వ్రాతగల కుండపెంకు దొరికినది. అది క్రీస్తు పూర్వము ఏడవ శతాబ్దపు చివరి కాలమునకు చెందినది. కోతకు వచ్చిన ఒక కూలివాడు అచ్చటి అధికారికి చేసికొన్న విన్నపము దానిమీద హెబ్రీ భాషలో నున్నది. తాను కోత ముగించి ధాన్యము చేర్చినను పైవాడు తన వస్త్రము లాగికొనెననియు, తనతో కోసినవారు సాక్ష్యమిత్తురనియు, దానిని తిరిగి ఇప్పించుమనియు అతడు వేడుకొనెను. రెండువేల ఆరు వందల ఏండ్ల క్రిందటి ఆ కోతకూలి గొంతు మన వరిచేల గట్లమీద వినబడు గొంతే. అతనికి వస్త్రము తిరిగి దొరకెనో లేదో ఆ పెంకు చెప్పదు.

ఇక వడ్డీ మాట. నెహెమ్యా 5వ అధ్యాయమును మన సంఘములు నెమ్మదిగా చదువవలెను. యెరూషలేము గోడ కట్టుచున్న దినములవి. ఏబది రెండు దినములలో ముగిసిన ఆ పని నడుమ గొప్ప మొర పుట్టెను. పురుషులతో పాటు వారి భార్యలును మొర పెట్టిరని అచ్చట ప్రత్యేకముగా వ్రాయబడినది. కొందరు పిల్లల తిండికి ధాన్యము లేదనిరి. కొందరు కరవులో ధాన్యముకొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువ పెట్టితిమనిరి. కొందరు రాజుకు పన్ను కట్టుటకు అప్పు చేసితిమనిరి. పేదలు దుబారా చేసి అప్పుల పాలగుదురని తేలికగా చెప్పువారు ఈ మూడు మొరలలో దుబారా ఎక్కడ నున్నదో చూపవలెను. పెండ్లికి తాహతుకు మించి ఖర్చు పెట్టువారు మనలో లేరని మేమనము. అయినను మన పేటలలోని అప్పుల మూలము తవ్వి చూచిన, ఎక్కువ చోట్ల ఆసుపత్రి, కూలి లేని నెలలు, పిల్లల చదువు, సగములో ఆగిన యిల్లు, ఇవియే బయటపడును.

నెహెమ్యా 5:11లో తిరిగి ఇయ్యుమని చెప్పిన వాటిలో సొమ్ములో నూరవ భాగము ఒకటి. అది నెలకు నూటికి ఒకటి చొప్పున తీసికొన్న వడ్డీయని వ్యాఖ్యాతలు అనేకులు తలంచుదురు. మన పల్లెభాషలో చెప్పవలెనన్న అది ‘రూపాయి వడ్డీ’! ఏ వడ్డీని చూచి నెహెమ్యా మిక్కిలి కోపపడి పెద్దలను సమాజము ఎదుట నిలువబెట్టెనో, దానిని నేడు ఎవరైన మనకిచ్చిన ధర్మాత్ముడని చేతులెత్తి మ్రొక్కుదుము. రెండు రూపాయలు మర్యాద, మూడు రూపాయలు మామూలు, అయిదు రూపాయలు అవసరము అని మన చెవులు అలవాటు పడినవి.

లెక్క వేసి చూతము. లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు కట్టవలెను. ముప్పది మూడు నెలలు దాటినప్పటికి లక్షకు లక్ష వడ్డీయే కట్టియుండును; అసలు కదలనే లేదు. అయిదు రూపాయలైన ఇరువది నెలలు చాలును. దీని ప్రక్కన మరియొక లెక్క పెట్టుడి. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘములకు ‘పావలా వడ్డీ’ పథకము వచ్చినది. నెలకు నూటికి పావలా యనగా ఏడాదికి నూటికి మూడు రూపాయలు. వడ్డీ వ్యాపారి ఒక్క నెలలో తీసికొనునది అందులో ఏడాదికి సరిపోవును.

వాయిదాల అప్పులో మరియొక కిటుకు కలదు. పదివేలు ఇచ్చి, ఏడాదికి నూటికి 12 వడ్డీయని చెప్పి, 11,200 రూపాయలను పండ్రెండు సమాన వాయిదాలుగా కట్టుమందురు. వినుటకు అది రూపాయి వడ్డీయే. కాని మొదటి నెలనుండి అసలు తిరిగి పోవుచునే యున్నది గదా! ఆరు నెలలకు సగము మన చేతిలో లేదు, వడ్డీ మాత్రము మొత్తము పదివేలకు కట్టుచున్నాము. నిజముగా పడు వడ్డీ ఏడాదికి నూటికి 22 దగ్గర నుండును. హైస్కూలు పిల్లవానిచేత ఈ లెక్క ఒకమారు వేయించి చూడుడి.

నెహెమ్యా సభ తీర్చినది అన్యులమీద కాదు. అప్పిచ్చినవారు గుడికి వచ్చువారే, ఒకే గోత్రమువారే. తానును తన బంధువులును సొమ్ము, ధాన్యము అప్పు ఇచ్చుచున్నామని పదియవ వచనములో అతడే దాచక చెప్పెను. మన సంఘములలో అయిదు రూపాయల వడ్డీకి తిప్పువారు లేరా? ఆదివారమున ముందు వరుసలో కూర్చుండి, గుడి పైకప్పుకు పెద్ద కానుక వ్రాయించువారి సొమ్ము ఎచ్చటినుండి వచ్చెనో పెద్దలకు తెలియదా? బలిపీఠముల యొద్ద తాకట్టు బట్టలు పరచుకొని పండుకొనువారిని గూర్చి ఆమోసు 2:8లో దేవుడు పలికిన కోపవాక్యము ఇట్టి చోటనే తగులును. ఆ కానుకను పుచ్చుకొనుటకు ముందు కాపరియు పెద్దలును ఆ వచనము చదివిన మేలు.

అప్పులవాడు గడప బయట నిలువవలెనను మాట పాతకాలపు మాటయని అనుకొనకుడి. మన రాష్ట్రమే దానిని కష్టపడి మరల నేర్చుకొనవలసి వచ్చినది. చిన్న అప్పులిచ్చు కంపెనీలు పల్లె పల్లెకు వచ్చి ఒకే యింటికి మూడు నాలుగు అప్పులిచ్చిన తరువాత, వాయిదా రాని యింటి ముందర ఏజెంట్లు కూర్చుండుట, తోటి సభ్యురాండ్రచేతనే తిట్టించుట జరిగెను. ఆత్మహత్యల వార్తలు వచ్చెను. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. అది పిదప చట్టమైనది. వసూలు గ్రామ పంచాయతీ కార్యాలయములోనో, నిర్ణయించిన బహిరంగ స్థలములోనో జరుగవలెననియు, వడ్డీ అసలును మించరాదనియు అందులో నున్నది. మేలు జరిగినది, కీడును జరిగినది. ఆ కంపెనీల అప్పులు ఆగిపోగా అనేకులు తిరిగి ఊరి వడ్డీ వ్యాపారి వాకిటికే పోయిరి. రిజర్వు బ్యాంకు అదుపులోనున్న కంపెనీలకు ఆ చట్టము వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పెను.

అయితే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో విధించిన నిబంధనలలో ఇదే గడప మరల కనబడుచున్నది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయముగల కుటుంబమునకిచ్చు చిన్న అప్పుకు ఏ తాకట్టును పట్టరాదు. వసూలు ఇరువురును ఒప్పుకొన్న చోట జరుగవలెను. వరుసగా రెండుమార్లు గాని అంతకెక్కువ మార్లు గాని అచ్చటికి రానప్పుడే ఇంటికి పోవచ్చును. ఉదయము తొమ్మిదికి ముందును, సాయంత్రము ఆరు దాటిన తరువాతను ఫోను చేసి వేధించరాదు. బెదిరింపులు, బూతుమాటలు, నలుగురిలో అవమానము కూడవు. కుటుంబపు అప్పులన్నిటి వాయిదాలు కలిపి దాని నెల ఆదాయములో సగము దాటరాదు. మోషే ధర్మశాస్త్రము తెలిసిన మనకు ఇది కొత్త మాటగా తోచదు. కాని మన అక్కచెల్లెండ్రలో ఎందరికి ఈ సంగతి తెలియును? స్త్రీల సమాజములో ఒక పూట దీనికై కేటాయించిన నష్టమేమి?

ఇల్లు గూర్చి లేవీయకాండము 25:29–31 చెప్పునది మరియొక ఆశ్చర్యము. ప్రాకారముగల పట్టణములోని యిల్లు అమ్మినవాడు ఏడాదిలోపల విడిపించుకొనలేనిచో అది శాశ్వతముగా కొన్నవానిదగును. పల్లెలోని యిల్లు అట్లు కాదు. దానిని పొలముతో సమానముగా ఎంచి, ఎప్పుడైనను విడిపించుకొనవచ్చుననియు, సునాద సంవత్సరమున అది ఊరకయే తిరిగి రావలెననియు దేవుడు విధించెను. పల్లెవానికి ఇల్లు పోయిన బ్రతుకుతెరువే పోవునని ఆయన యెరుగును. 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన భూములను ఇతరులకు అమ్మరాదని చట్టము చేయుటలోనున్న తలంపు దీనికి దూరమైనది కాదు. తరువాతి సవరణలు ఆ కట్టును కొంత సడలించినవి. కావున పట్టా కాగితమును వడ్డీ వ్యాపారి పెట్టెలో పెట్టుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచించవలెను. పట్టా ఇల్లాలి పేర నున్నప్పుడు ఆమె మాట వినకుండ వేలిముద్ర వేయించుట మోసమే.

ఇల్లు కట్టుకొనుచున్నవారికి లూకా 14:28–30 చాలును. పునాది వేసి ముగింపలేనివానిని చూచి నలుగురు నవ్వుదురని ప్రభువు చెప్పెను. కేంద్రప్రభుత్వ గ్రామీణ గృహ పథకము 2016లో మైదాన ప్రాంతములకు నిర్ణయించిన సాయము 1,20,000 రూపాయలు. తెలంగాణలో 2024లో ప్రారంభించిన ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు. ఆ సొమ్ము ఒక్కసారి చేతికి రాదు. పని జరిగిన మెట్టు చూచి బిల్లు పడును. కష్టమంతయు ఆ మెట్టుకును ఈ మెట్టుకును నడుమనే. పునాది సొంత డబ్బుతో లేపవలెను, బిల్లు ఆలస్యమగును, సిమెంటు కొట్టువాడు ఆగడు, అప్పుడు మూడు రూపాయల వడ్డీ ఇంటిలో కాలు మోపును. పథకము కొలతకు మించి వరండా, మేడమెట్లు అని ఆశపడిన వానికి స్లాబు పడక, కడ్డీలు తుప్పు పట్టుచుండ, పాత గుడిసెయు లేక, కొత్త యిల్లును లేక మిగులును. ఒక గది, ఒక వంటయిల్లు ముందు ముగించి తలుపు పెట్టుకొనువాడు బుద్ధిమంతుడు.

తలుపు అనగా రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చియుండెను. పాలేరు జీతమునకు పిల్లలను కుదిర్చి అప్పు తెచ్చుకొన్న తరములు మనకు తెలియును; 1976లో పార్లమెంటు చేసిన చట్టము వెట్టిచాకిరికి ముడిపడిన అప్పులను రద్దు చేసెను. ఎలీషా ఆమెను ముందుగా నీ యింట ఏమున్నదని అడిగెను. పొరుగువారి యొద్ద పాత్రలు తెచ్చుకొనుమనెను. తరువాత తలుపు మూసికొనుమనెను. అప్పులవాడు బయట నుండగా దేవుని పని లోపల జరిగెను. నూనె అమ్మి బాకీ తీర్చుమని, మిగిలినదానితో బ్రదుకుమని ఆయన చెప్పెను. బాకీ ఎగవేయుమనలేదు.

సంఘము ఆ పొరుగువారివలె నుండవలెను. ఏజెంటు కేకలు వేయు వాకిట ఒంటరిగా నిలుచున్న చెల్లెలి ప్రక్కకు ఇద్దరు పెద్దలు నడచిపోయి నిలువవచ్చును. అప్పు కాగితము చదివి చెప్పగల యువకుని సంఘమునకొకనిని ఏర్పరచవచ్చును. ఖాళీ ప్రోనోటుమీద సంతకము చేయవద్దని, కట్టిన ప్రతి వాయిదాకు రసీదు అడుగుమని, బాకీ తీరిననాడే నోటు వెనుకకు తీసికొనుమని చెప్పుట కూడ పరిచర్యయే. స్తోమతుగల కుటుంబములు నాలుగు కలిసి, ఆసుపత్రి అవసరమునకు వడ్డీలేని చిన్న నిధి పెట్టిన, దాని లెక్క నెలనెలా ఆరాధన తరువాత అందరి ఎదుట చదువవలెను.

వచ్చు మాసము రూతు 4వ అధ్యాయము చదివెదము. ఒక విధవరాలి పొలము విడిపించుటకు ఊరి గవినియొద్ద పదిమంది పెద్దలు ఎట్లు కూర్చుండిరో అందులో చూడగలము.